ఏం తినిపించినావమ్మా?

(వాడ నుంచి వార్డు దాకా – 7)



పోయిన భాగం చదివి చాలామంది అడిగారు. ఆసుపత్రుల్లో కులం ఇంకా ఉందా సార్, అక్కడ ఎవరూ కులం అడగరు కదా అని. నిజమే, అడగరు. రామసముద్రం నుంచి పుంగనూరు, మదనపల్లె, తిరుపతి, చివరికి బెంగళూరు దాకా మూడేళ్లలో పదకొండు మంది డాక్టర్ల దగ్గరికి పోయినాం. ఒక్కరు కూడా మా కులం అడగలేదు. ‘ఊర్లో ఉంటారా, కాలనీలో ఉంటారా?’ అని అడిగారు. మా పక్క పుట్టినోళ్లకు ఆ ప్రశ్నకు అర్థం విడమరిచి చెప్పనక్కరలేదు. కాలనీ అని చెప్పినాక రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

‘ఏం తినిపించినావమ్మా?’

ఈ భాగం ఆ ప్రశ్న మీద.

2019లో సంక్రాంతి అయిన వారానికి మా పాపకు మొదటిసారి వచ్చింది. అప్పటికి దానికి అయిదేళ్లు నిండలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి గోడకానుకుని కూర్చుంది. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. పలకదు, ఏడవదు. నోటినుంచి చొల్లు కారిపోతా ఉంది. పావుగంటకు వాంతులు మొదలయ్యాయి. గంటకు ఆరు, ఏడు. కడుపు ఖాళీ అయినాక కూడా డోకులు ఆగలేదు, చివరికి పసరు పడింది. దీపం వేస్తే కళ్లు మూసుకుంటుంది. మాట్లాడితే చెవులు మూసుకుంటుంది. ఒకటిన్నర రోజు అట్లే గడిచింది. రెండోరోజు సాయంత్రం నిద్రపోయి లేచి, ఏమీ జరగనట్టు ‘అమ్మా, సంగటి పెట్టు’ అంది.

ఆరు వారాలు తిరిగేసరికి మళ్లీ. అదే మూడు గంటలు, అదే గోడ, అదే పాలిపోయిన మొహం, అదే ఒకటిన్నర రోజు. మధ్యలో పిల్ల బంగారంలా ఉంటుంది. ఆడుతుంది, తింటుంది, బడికి పోతుంది. అందుకే ఎవరికీ అర్థం కాలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి సగం సార్లు పిల్ల నవ్వుతా ఉండేది. నవ్వే పిల్లను చూపించి రోగం ఉందని చెప్పే తల్లిని ఎవరు నమ్ముతారు?

మొదటి ఏడాది మాకు దొరికిన పేర్లు ఇవి. అజీర్ణం. నులిపురుగులు. గ్యాస్. ఫుడ్ పాయిజన్. ఒక సర్జన్ అపెండిసైటిస్ కావచ్చు, కోసేద్దాం అన్నాడు. మరుసటి రోజుకు పిల్ల లేచి ఆడుకుంటూ ఉంటే ఆయనే మాట మార్చుకున్నాడు. ఇంకొకాయన, బడి ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతోంది, రెండు తగిలించండి అన్నాడు. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అని రాయను. పేర్లు రాస్తే ఆ ఒక్కరే చెడ్డవాళ్లు, మిగతా వాళ్లు మంచివాళ్లు అయిపోతారు. మేము చూసింది అది కాదు.

ఒకరోజు జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. నేను కాలేజీలో ఉన్నాను. నా భార్య, మా అమ్మ కలిసి పాపను తీసుకుపోయినారు. డాక్టరు అడిగినాడు.

‘ఏం తినిపించినావమ్మా రాత్రి?’

‘పాలన్నం సార్.’

‘నిజం చెప్పు. మీ వాళ్లు ఏదంటే అది తింటారు. పిల్లలకు కూడా అదే పెడతారు.’

‘లేదు సార్, పాలన్నమే పెట్టినాను. పోయిన తూరి కూడా తెల్లారుజామున మూడు గంటలకే వచ్చింది సార్. అంతకు ముందు తూరి కూడా...’

‘అవన్నీ వద్దు. చేతులు కడుక్కోండి ముందు. శుభ్రత లేకపోతే మందులు ఏం చేస్తాయి?’

చీటీలో రెండు సిరప్పులు రాసి, కింద ‘శుభ్రత గురించి సలహా ఇవ్వడమైనది’ అన్న అర్థం వచ్చే మాట ఇంగ్లీషులో రాసినాడు. మా అమ్మ చదువుకోలేదు. ఇంటికొచ్చి ‘ఏం రాసినాడు నాయనా?’ అని అడిగింది. నేను చెప్పలేదు. తెలుగులో డాక్టరేటు ఉన్న నాకు ఆ ఒక్క వాక్యాన్ని మా అమ్మకు తెలుగులో చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇక్కడ గమనించండి. ‘పోయిన తూరి కూడా మూడు గంటలకే వచ్చింది’ అని నా భార్య చెప్పబోయింది. రోగం పేరు ఆ వాక్యంలోనే ఉంది. మూడేళ్ల తర్వాత రోగాన్ని కనిపెట్టిన డాక్టరమ్మ మొదట అడిగింది కూడా అదే. ఆ రోజు ఆ వాక్యాన్ని ‘అవన్నీ వద్దు’ అని మధ్యలో తుంచేశారు.

తర్వాతి నెల నేనే తీసుకుపోయినాను. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు, ఇంగ్లీషు. లెక్చరర్ అని చెప్పగానే కుర్చీ వచ్చింది, ‘సార్’ వచ్చింది. మొదటిసారిగా ‘ఎప్పటినుంచి? ఎన్నిసార్లు? ఎంతసేపు?’ అనే ప్రశ్నలు వచ్చాయి. నాకు జవాబులు తెలియవు. రాత్రి మూడు గంటలకు లేచి గిన్నె పట్టుకున్నది నేను కాదు. జవాబులన్నీ తెలిసిన మనిషి నా వెనకాల గోడ దగ్గర నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. సిగ్గుతో చెబుతున్నాను, నేను కూడా తిరిగి చూడలేదు. నోటికొచ్చినట్టు ‘నెలకోసారి, రెండు మూడు గంటలు’ అని చెప్పాను. రెండూ తప్పే. ఆ తప్పుల మీద ఆయన ఇంకో తప్పు రోగం కట్టాడు. కులం వల్ల ఆమె మాట వినలేదు. మగవాణ్ని, చదువుకున్నవాణ్ని కాబట్టి నా అబద్ధం విన్నారు. ఇద్దరి మధ్య పిల్ల ఇంకో ఏడాది కక్కింది.

నా తప్పు అక్కడితో ఆగలేదు. బడిలో పరీక్ష ఉన్న రోజు తెల్లవారుజామున పాప లేచి కూర్చుంటే, డాక్టరు చెప్పిన నాటకం మాట గుర్తొచ్చి గట్టిగా అరిచాను. అది నావైపు చూసి, చేతిలో ఉన్న గిన్నెను కింద పెట్టి, కక్కు ఆపుకోవాలని నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి బయటికొచ్చింది. తెలుగు కథల్లో అవమానం గురించి పేజీలకు పేజీలు రాసినవాణ్ని నేను. అవమానం ఎట్లా ఉంటుందో ఆ రోజు నా బిడ్డకు నేనే నేర్పాను.

ఇక ఉద్యమ మిత్రులకు నచ్చని సంగతి ఒకటి. మా అమ్మ నాకు చెప్పకుండా పాపను గద్దె చెప్పే ఆమె దగ్గరికి తీసుకుపోయింది. తెలిసి ఇంట్లో పెద్ద గొడవ చేశాను. హేతువాదం, అంబేద్కరిజం అన్నీ మాట్లాడాను. మా అమ్మ అంతా విని ఒకే మాట అంది. ‘ఆ యమ్మ గంటసేపు ఇనింది నాయనా. ఏ వారం వస్తాది, ఎన్ని తూర్లు వస్తాది, ముందు ఏం చేసింది, అంతా అడిగింది. మీ డాక్టర్లు ఎవురన్నా అడిగినారా?’

గద్దె చెప్పిన ఆమె ఒక కోడిని తీసుకుని తాయెత్తు కట్టింది. ఆ తాయెత్తును నమ్మి తర్వాతి తూరి రెండో రోజు దాకా ఆసుపత్రికి పోలేదు. పిల్లకు ఒంట్లో నీళ్లు అడుగంటి, కళ్లు లోపలికి పోయి, ఉచ్చ బందయింది. ఆ రోజు మేము బిడ్డను పోగొట్టుకునే వాళ్లమే. కాబట్టి గద్దెలను పొగుడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. మన వాడల్లో మూఢనమ్మకం ఎందుకు పోవడం లేదని మీటింగుల్లో అడుగుతుంటాం కదా, నాకు దొరికిన జవాబు ఇది. వినే మనిషి అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకడం లేదు. తాయెత్తును తెంచడానికి ఉపన్యాసం చాలదు. చీటీ రాసేవాడు కూడా గంటలో పావువంతైనా వినాలి.

రోగం పేరు 2022లో దొరికింది. ఇది మా ఊరిని చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి మార్చిన ఏడాది. ఆ మార్పు వల్ల మా వాడకు ఏమీ రాలేదు. మా ఇంట్లో మార్పు తెచ్చింది గోడమీది క్యాలెండరు.

టమోటా మండీవాళ్లు ఏటా ఇచ్చే క్యాలెండరు అది. పదో తరగతితో చదువు ఆగిపోయిన నా భార్య అందులో ప్రతి వాంతి రోజునూ పెన్సిలుతో గుర్తు పెట్టింది. మొదలైన టైము, గంటకు ఎన్ని, ఎప్పుడు ఆగింది, ముందురోజు ఏం జరిగింది. ‘తిరనాళ్లకు పోయినాం, నిద్ర లేదు.’ ‘జలుబు.’ ‘పరీక్ష.’ ‘మేనమామ పెండ్లి, బాగా ఎగిరింది.’ మూడు క్యాలెండర్లు. నేను వాటిని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

బెంగళూరులో ఒక పిల్లల డాక్టరమ్మ చూసింది. మా ఫైలును పక్కన పెట్టి, ‘అమ్మ ఎవరు?’ అని అడిగింది. నా భార్య సంచిలోంచి మూడు క్యాలెండర్లు తీసింది. డాక్టరమ్మ ఒక్కో నెలా తిప్పుతూ ఇరవై నిమిషాలు కూర్చుంది. తెలుగు కొంచెం, కన్నడం కొంచెం కలిపి ప్రశ్నలు అడిగింది. చివరగా, ‘మీకెప్పుడైనా తల ఒకపక్కనే నొప్పి వస్తుందా?’ అంది. నా భార్యకు పెండ్లికి ముందు నుంచి ఒంటిచెంప తలనొప్పి ఉంది. టమోటా కోతలకు పోయినప్పుడు తలకు గుడ్డ బిగించి కట్టుకుని పని చేసేది. అది ఎండకు వచ్చే నొప్పి అని అందరం అనుకున్నాం. అది మైగ్రేన్.

పాప రోగం పేరు సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్. మైగ్రేన్‌కు చుట్టమైన రోగం. మూలం కడుపులో కాదు, మెదడుకూ కడుపుకూ మధ్య నడిచే సంకేతాల్లో ఉంది. ఇంట్లో మైగ్రేన్ ఉన్న పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. పాలన్నానికీ, మా తిండికీ, మా చేతుల శుభ్రతకూ దానితో ఏ సంబంధమూ లేదు.

ఇది కొత్త రోగం కూడా కాదు. 1882లోనే లండన్ డాక్టరు శామ్యూల్ గీ పిల్లల్లో విడతలు విడతలుగా వచ్చే ఈ వాంతుల గురించి రాశాడు. స్కాట్లండ్‌లోని అబెర్డీన్ బడిపిల్లల మీద చేసి 1995లో ప్రచురించిన సర్వేలో నూటికి దాదాపు ఇద్దరు పిల్లల్లో ఈ లక్షణాలు కనిపించాయి. 2008లో ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం దీన్ని గుర్తుపట్టే నియమాలు రాసిపెట్టింది. మొత్తం మీద కనీసం అయిదు తూర్లు, లేదా ఆరు నెలల్లో మూడు తూర్లు రావాలి. ప్రతి తూరీ ఒకే తీరులో ఉండాలి. వాంతులు ఉధృతంగా ఉన్నప్పుడు గంటకు నాలుగైనా అవుతాయి. ఒక్కో విడత గంట నుంచి పది రోజుల దాకా ఉండొచ్చు. విడతకూ విడతకూ మధ్య కనీసం వారం ఎడం ఉండి, ఆ మధ్యలో పిల్ల మామూలుగా ఉండాలి. వేరే రోగం ఏదీ కాదని తేలాలి.

ఈ నియమాలను ఇంకోసారి చదవండి. ఇందులో ఒక్క రక్తపరీక్ష లేదు. ఒక్క స్కానింగు లేదు. ఈ రోగాన్ని పట్టి చూపే మిషను ఇప్పటిదాకా లేదు. స్కానింగులు, ఎక్స్‌రేలు వేరే రోగాలు లేవని తేల్చుకోవడానికే పనికొస్తాయి. ఈ రోగం ఉందని చెప్పేది ఒక్కటే, తల్లి చెప్పే కథ. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎట్లా, ఎంతసేపు అనే కథ.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. తల్లి మాట తప్ప వేరే రుజువు లేని రోగం ఇది. మరి తల్లి మాటకు రుజువు విలువ లేని కులంలో పుట్టిన బిడ్డకు ఈ రోగం వస్తే పేరు ఎట్లా దొరుకుతుంది?

మన మాట చెల్లకపోవడం మనకు కొత్త కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చూసినవాళ్లు చెప్పిన మాటల్లో పొంతన లేదన్నారు, నమ్మదగ్గ సాక్ష్యం లేదన్నారు. కళ్లముందు మనుషులను నరికితే చూసినవాళ్ల మాటే నిలవలేదు. మరి రాత్రి మూడు గంటలకు చీకటి ఇంట్లో బిడ్డ కక్కింది, పోయిన తూరి కూడా అదే టైముకు కక్కింది అని కాలనీ ఆడమనిషి చెబితే ఎవరు రాసుకుంటారు? ఒకటి కోర్టు, ఒకటి ఆసుపత్రి. రెండిట్లోనూ మన నోటి మాటకు తూకం తక్కువ.

అంబేద్కర్ తన స్వీయ అనుభవాలు రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చివర్లో కథియవాడ్‌కు చెందిన ఒక అంటరాని బడిపంతులు ఉత్తరం గురించి రాశాడు. అది 1929 డిసెంబరులో గాంధీ నడిపిన ‘యంగ్ ఇండియా’ పత్రికలో అచ్చయిన ఉత్తరం. ఆ పంతులు భార్యకు కాన్పు తర్వాత జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. బతిమాలి, ఊరి పెద్దల పూచీతో, రెండు రూపాయల ఫీజు ఇచ్చి పిలిస్తే వాడ బయటే నిలబడ్డాడు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు, అతను భర్తకు, భర్త భార్యకు. తిరిగి అదే దారిన వెనక్కి వచ్చింది. డాక్టరు దీపం వెలుగులో థర్మామీటరును మాత్రమే చూసి న్యుమోనియా అని చెప్పాడు. ఆమె బతకలేదు.

చాలామంది దాన్ని అంటరానితనం కథగా చదివి కన్నీళ్లు పెట్టుకుంటారు. నేను ఇప్పుడు రోగనిర్ధారణ కథగా చదువుతున్నాను. డాక్టరు రోగం పేరు చెప్పాడు, మందు కూడా పంపాడు. రోగిని మాత్రం చూడలేదు, ఆమె మాట వినలేదు. ఇప్పుడు డాక్టర్లు మన పిల్లలను ముట్టుకుంటున్నారు, స్టెతస్కోపు పెడుతున్నారు, సూది వేస్తున్నారు. ఆ మార్పును నేను కాదనను. మాట మాత్రం ఇంకా ఆ థర్మామీటరు పోయిన దారిలోనే పోతోంది. తల్లి మాట మొగుడికి, మొగుడి మాట ఇంగ్లీషులోకి, అప్పుడు డాక్టరు చెవికి. చేతులు మారేసరికి అందులో నిజం మిగలదు. మా ఇంట్లో ఆ మధ్యవర్తిని నేనే.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ మన మిత్రులే నా ముఖం మీద అన్నవి.

మొదటిది: ‘ఇది అందరికీ కష్టమైన రోగమే కదన్నా. డబ్బున్న తెల్లవాళ్ల పిల్లలకు కూడా తొందరగా దొరకదు. ప్రతిదాంట్లో కులం ఎందుకు?’ ఇందులో సగం నిజం. అమెరికాలో కూడా ఈ రోగం మొదలైనాక పేరు తెలియడానికి సగటున రెండేళ్లకు పైగా పడుతుందని వైద్య వ్యాసాలే చెబుతున్నాయి. డాక్టరుకు తెలియకపోవడం కులవివక్ష కాదు, నేనెప్పుడూ అట్లా అనలేదు. తెలియనప్పుడు ఆ ఖాళీని దేనితో నింపారన్నదే నా ప్రశ్న. ‘మాకు అర్థం కావడం లేదు, పెద్దాసుపత్రికి రాస్తాను’ అని నింపొచ్చు. ‘మీ వాళ్లు ఏదంటే అది తింటారు’ అని కూడా నింపొచ్చు. మొదటిది చెప్పడానికి నిజాయితీ కావాలి. రెండోది చెప్పడానికి ఏమీ అక్కరలేదు, సమాజం ముందే రాసిపెట్టి ఉంచింది. మాకు మూడేళ్లు పట్టినందుకు నాకు అంత కోపం లేదు. ఆ మూడేళ్లూ నా భార్య తన చేతులను చూసుకుంటూ, తానే బిడ్డకు ఏదో చేస్తున్నానేమో అని కుమిలిపోయినందుకు కోపం. గిన్నెలు మూడుసార్లు కడిగేది. నీళ్లు రెండుసార్లు కాచేది. చివరికి ఇంట్లో పెద్దకూర వండడం మానేసింది. లేని నేరానికి మా అమ్మమ్మల నాటి తిండిని శిక్షించింది.

రెండోది: ‘డాక్టరుకు ఓపీలో వందలమంది. మూడు నిమిషాల్లో ఎవరి కథ వింటాడు?’ ఇది మొదటి దానికంటే గట్టి మాట. పోస్టులు నింపకుండా డాక్టర్లను చాకిరీలో ముంచే ప్రభుత్వాల మీద కొట్లాడాల్సిందే. కానీ ఆ మూడు నిమిషాల్లోనే ఊరా కాలనీనా అని అడగడానికి టైము దొరికింది. చేతులు కడుక్కోమని ఉపన్యాసానికి టైము దొరికింది. ‘ఇట్లా ఇంతకు ముందు ఎన్నిసార్లు వచ్చిందమ్మా?’ అనే ప్రశ్నకు పట్టేది పది సెకన్లు. తక్కువ టైములో ఏ ప్రశ్నను వదిలేస్తారు, ఏ ప్రశ్నను ఉంచుకుంటారు అన్న చోటే కులం కనిపిస్తుంది.

మా పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానటోరియం తెరిచారు. అప్పటికి క్షయకు మందు లేదు. అయినా రోగులను నెలల తరబడి ఉంచుకుని జ్వరం, బరువు, దగ్గు గమనిస్తూ, రాసుకుంటూ వచ్చారు. మందు లేని కాలంలో కూడా రోగిని గమనించడం వైద్యంలో పెద్ద భాగం. ఇప్పుడు మందులున్నాయి, మిషన్లున్నాయి. గమనించడం మాత్రం మన దాకా వచ్చేసరికి చేతులు కడుక్కోమనడంగా మారింది.

మన పిల్లల మాట వినగలిగే డాక్టర్లు మనలోంచి వస్తే బాగుంటుంది అంటాం. వాళ్లను నిలబడనిస్తున్నారా? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్షను తొరాట్ కమిటీ 2007లోనే బయటపెట్టింది. 2019 మే 22న ముంబైలో ఆదివాసీ పీజీ డాక్టరు పాయల్ తడ్వి ప్రాణం తీసుకుంది. సీనియర్ల కులవేధింపులే కారణమని ఆమె కుటుంబం మొత్తుకుంది. వార్డులో వినే చెవి లేకపోవడానికీ, మెడికల్ కాలేజీ హాస్టల్లో జరిగేదానికీ సంబంధం ఉంది. రిజర్వేషన్ సీటు కోసం కొట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.

డబ్బు లెక్క కూడా చెబుతాను. పేరు దొరికేదాకా మాకు అయిన ఖర్చు లక్షా డెబ్బై వేలు. అందులో తొంభై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్యాకేజీల మీద నడిచే పథకం. ప్యాకేజీ కావాలంటే ముందు ఏ చికిత్సో తేలాలి. పేరు కోసం తిరిగే తిరుగుడుకు ప్యాకేజీ లేదు. 2013లో కేంద్రం తెచ్చిన బాల స్వాస్థ్య కార్యక్రమం బడిపిల్లల్లో ముప్పై రకాల సమస్యలు వెతుకుతుంది. గుండె జబ్బు, వినికిడి, చూపు, మూర్ఛ, రక్తహీనత, అన్నీ కావాల్సినవే. మళ్లీ మళ్లీ వచ్చే వాంతులు ఆ జాబితాలో లేవు. ఇక పేరు దొరికినాక మందుల ఖర్చు చూస్తే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. అయిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా సైప్రోహెప్టడిన్, పై వయసు వాళ్లకు ఎమిట్రిప్టిలిన్ వాడతారు. రెండూ పాతవి, చవకైనవి. ఖరీదైనది వినకపోవడమే.

చదువుతున్న వాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు. ఇవి డాక్టరుకు బదులు కాదు, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు చేతిలో ఉండాల్సినవి.

మళ్లీ మళ్లీ వచ్చే వాంతులన్నీ ఈ రోగం కాదు. ఆకుపచ్చ పసరు పడితే పేగు మెలిపడి ఉండొచ్చు, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మొదటిసారి పసరు పడినప్పుడే ఆ పరీక్ష చేయించాలి. మా పాపకు అది కాదని తేల్చుకున్నది కూడా బెంగళూరులోనే. అంతకు ముందు ఎవరూ పట్టించుకోలేదు. వాంతిలో రక్తం, కడుపు గట్టిగా ఉబ్బడం, పిల్ల మత్తుగా పడిపోవడం, పొద్దున్నే తలనొప్పితో వాంతి, నడక తూలడం, బరువు పెరగకపోవడం, ఉచ్చ బందు కావడం, వీటిలో ఏది కనబడినా ఆ గంటే ఆసుపత్రికి పోవాలి. చక్కెర జబ్బు, మూత్రపిండంలో అడ్డు, మెదడులో గడ్డ కూడా వాంతులతోనే బయటపడొచ్చు. పరీక్షలు వద్దని నేను అనడం లేదు. పరీక్షలతో పాటు కథ వినమంటున్నాను.

రాసుకోండి. నోట్‌బుక్కు అక్కరలేదు, గోడ క్యాలెండరు చాలు. తేదీ, మొదలైన టైము, గంటకు ఎన్ని, ఎప్పుడు ఆగింది, ముందురోజు నిద్ర, తిండి, జలుబు, భయం, సంబరం. సంబరం కూడా రాయండి. పండగ సంతోషం కూడా దీన్ని లేపుతుంది. ఇంట్లో మైగ్రేన్ ఎవరికుందో రాయండి.

రోగం తేలినాక ప్రతి విడతకూ ఏం చెయ్యాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మొదలయ్యే సూచన కనిపించగానే వాంతి ఆపే ఒండాన్‌సెట్రాన్, చీకటి గది, నిశ్శబ్దం, ఆగకపోతే గ్లూకోజు కలిసిన సెలైన్. డోసు డాక్టరే రాయాలి. ఎమిట్రిప్టిలిన్ మొదలుపెట్టే ముందు ఈసీజీ తీస్తారా అని అడగండి. ఆ కాగితం చేతిలో ఉంటే రాత్రి మూడు గంటలకు డ్యూటీలో ఎవరున్నా మళ్లీ ‘ఏం తినిపించినావు’ నుంచి మొదలుపెట్టరు. మా పాప విషయంలో ఆ ఒక్క కాగితం మందులంత పని చేసింది.

ఇక విద్యార్థి సంఘాలకు. మీరు సంక్షేమ హాస్టళ్లకు పోతారు. మెస్ బియ్యం చూస్తారు, బాత్రూములు ఫొటో తీస్తారు. ఇకనుంచి ఇంకొకటి అడగండి. నెలకో, రెండు నెలలకో ఒకసారి వాంతులతో ఇంటికి పంపేస్తున్న పిల్లలు ఎవరైనా ఉన్నారా? హాస్టల్లో ఒకరికి వాంతులైతే ఫుడ్ పాయిజన్ అంటారు. ఒక్కరికే అయితే, మళ్లీ మళ్లీ అదే పిల్లకు అయితే, నాటకం అంటారు. రెండు మూడు తూర్లు ఇంటికి పంపితే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. డ్రాపవుట్ లెక్కలో ఒక అంకె పెరుగుతుంది, కారణం గడిలో ‘ఆసక్తి లేదు’ అని పడుతుంది. నా క్లాసులో చదివే ఒక అమ్మాయి తమ్ముడికి ఇట్లాగే జరిగింది. మా పాప కథ చెప్పినాక ఆ అమ్మాయి క్లాసయ్యేదాకా ఆగి వచ్చి, ‘సార్, మావాడికి కూడా తెల్లారుజామునే’ అంది. ఇప్పుడు వాళ్లింట్లో కూడా ఒక క్యాలెండరు ఉంది.

అడగాల్సినవి పెద్దవేమీ కాదు. ప్రతి సంక్షేమ హాస్టల్లో రోగాల రిజిస్టరు పిల్ల పేరు మీద, వరుసగా ఉండాలి. బాల స్వాస్థ్య పరీక్షల్లో మళ్లీ మళ్లీ వచ్చే వాంతుల గురించి ఒక ప్రశ్న చేర్చాలి. మండలానికి దగ్గర్లో పిల్లల డాక్టరు పోస్టు ఉండాలి, ఖాళీగా ఉండకూడదు. ఓపీ చీటీలో తల్లి చెప్పిన మాట ఆమె చెప్పినట్టే తెలుగులో రాసే జాగా ఉండాలి. ఈ చివరి దానికి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. ఎఫ్‌ఐఆర్‌లో మన మాట మనం చెప్పినట్టే రాయమని అడిగినప్పుడు కూడా నవ్వారు.

మా బాబుకు పోయిన ఏడాది ఇదే మొదలైంది. అదే మూడు గంటలు, అదే గోడ. వాడికి మూడో తూరికే పేరు తెలిసింది. ముందే తెలిసి ఉండటం ఎంత బలమో అప్పుడు అర్థమైంది. వాడు కక్కుతాడు, మేము దీపం తీసేస్తాం, కాగితం తీస్తాం. నా భార్య తన చేతులు చూసుకోవడం లేదు.

రోగానికి తెలుగు పేరు పెడదామని నేను కూర్చున్నాను. ‘చక్రీయ వమన రుగ్మత’ అని రాసుకున్నాను. డాక్టరేటు కదా. మా ఆమె చదివి, ‘ఇది ఎవురికి చెప్పేదానికి?’ అంది. ఆమె దాన్ని ‘తిరుగుకక్కులు’ అంటుంది. పోయి మళ్లీ తిరిగొచ్చే కక్కులు. మా వాడలో ఇప్పుడు అందరూ అదే అంటున్నారు. మా పాప కూడా బడిలో టీచరుకు అట్లే చెప్పింది. ‘నాకు తిరుగుకక్కులు ఉండాయి మేడం. నాటకం కాదు. మా అమ్మ దగ్గర క్యాలెండరు ఉంది.’

పెద్దకూర మళ్లీ వండుతున్నాం.

జై భీమ్.

(మిగతాది వచ్చే భాగంలో: కాన్పు వార్డులో మా అక్కచెల్లెళ్లకు పడే తిట్ల గురించి. మీ ఇండ్లలో జరిగినవి ఉంటే రాసి పంపండి. పేర్లు బయట పెట్టను.)